బైబిలు చదవడానికి అనుదిన ధ్యాన పుస్తకమా, వ్యాఖ్యాన గ్రంథమా?

ధ్యాన పుస్తకం తారీఖుల వారీగా నడుస్తుంది. రోజుకో పేజీ: ఒక వచనం, నాలుగు పేరాలు, చిన్న ప్రార్థన. పది నిమిషాలు చాలు. కుటుంబ ప్రార్థనకు ఇదే అనువు, పిల్లలు కూడా విసుక్కోరు.

చిక్కంతా వచనాన్ని సందర్భం నుంచి విడదీయడంలో ఉంది. యిర్మీయా 29:11లోని సమాధానకరమైన ఉద్దేశాలను ఉద్యోగానికో వీసాకో అన్వయించడం మామూలే. కానీ అది బబులోనుకు చెరపట్టబడినవారికి రాసిన పత్రిక, అంటే ఉత్తరం. పదో వచనంలోనే అక్కడ డెబ్బై ఏళ్లు గడవాలని ఉంది. ఫిలిప్పీ 4:13 (‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను’) కూడా అంతే, ముందున్న రెండు వచనాలూ ఆకలిలో, లేమిలో సంతృప్తి గురించి. అందుకే పేజీ తెరిచే ముందు ఆ అధ్యాయం మొత్తం చదవాలి.

వ్యాఖ్యానం ఒక్క పుస్తకాన్నే పట్టుకుని వరసగా వెళ్తుంది: ఎవరు రాశారు, ఎవరికి, ఎందుకు. సండే స్కూల్ టీచరుకు, వాక్యం చెప్పేవారికి ఇది లేకుండా కుదరదు. చాలామంది ఉత్సాహంగా ప్రకటన గ్రంథంతో మొదలుపెట్టి రెండో వారానికే ఆపేస్తారు. ఫిలిప్పీ పత్రికతో మొదలుపెట్టండి. నాలుగు అధ్యాయాలు, 104 వచనాలు. ముందు పత్రికంతా రెండుసార్లు చదివి, ప్రశ్నలు రాసుకుని, అప్పుడే వ్యాఖ్యానం తెరవండి. ముందే తెరిస్తే మీ కళ్లతో కాక రచయిత కళ్లతో చదువుతారు. రచయిత ఏ సంఘానికి (క్రైస్తవ శాఖకు) చెందినవారో ముందుమాటలో చూడండి, బాప్తిస్మం దగ్గర ఆ తేడా బయటపడుతుంది.

ఒక్కటే కొనగలిగితే, బైబిలు ఒక్కసారైనా పూర్తిగా చదివినవారు వ్యాఖ్యానమే కొనాలి.