బండి మీద కెమెరా: టాప్ బాక్స్ నుంచి టెయిల్ బ్యాగ్ దాకా, వాడి చూశాక

బండి మీద కెమెరా తీసుకెళ్లడానికి ఏ బ్యాగ్ కొనాలని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ముందు చోటు చూసుకోండి, బ్యాగ్ సంగతి తర్వాత. సీటు వెనక రాక్‌కి బిగించే హార్డ్ టాప్ బాక్స్, వీపున వేసుకునే కెమెరా బ్యాగ్, సీటు మీద కట్టే టెయిల్ బ్యాగ్, పెట్రోల్ ట్యాంక్ మీద పెట్టే ట్యాంక్ బ్యాగ్, ఈ నాలుగూ ఏళ్ల తరబడి వాడాను. చివరికి నా దగ్గర నిలిచింది టెయిల్ బ్యాగ్, దాని లోపల మెత్తటి గదులున్న కెమెరా ఇన్సర్ట్, ముందు ఒక చిన్న ట్యాంక్ బ్యాగ్. టాప్ బాక్స్ ఇంకా ఉంది. కూరగాయలు తేవడానికి దాన్ని మించింది లేదు.

నాది 350 సీసీ సింగిల్ సిలిండర్ బండి. సామాను ఒక ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీ, 24-70 లెన్స్, పక్షుల కోసం రెండు కిలోల బరువుండే 150-600 టెలి జూమ్. ఉండేది బెంగళూరు మారతహళ్లి వైపు. ఎక్కువగా తిరిగేది ఎన్‌హెచ్ 44 మీద లేపాక్షి, వీరాపురం, సెలవు కలిసొస్తే గండికోట. మరోపక్క మైసూరు దారిలో మద్దూరు దగ్గరి పక్షుల ఊరు కొక్కరె బెళ్లూరు. ఈ రెండు దారులకీ పోలికే లేదు. అటు కొడికొండ చెక్‌పోస్టు దాకా రోడ్డు నున్నగా సాగిపోతుంది. ఇటు బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మెయిన్ రోడ్డు మీదికి 2023 ఆగస్టు 1 నుంచి టూవీలర్లని రానివ్వడం లేదు కాబట్టి మనకి దక్కేది సర్వీస్ రోడ్డే. ఊరూరా స్పీడ్ బ్రేకర్లు, వాటిలో కొన్నింటికి తెల్ల గీత కూడా ఉండదు. బ్యాగ్ పరీక్షకి ఇంతకన్నా మంచి దారి దొరకదు.

టాప్ బాక్స్ చూడ్డానికి భరోసాగా ఉంటుంది. గట్టి ప్లాస్టిక్, తాళం, వాన లోపలికి రాదు. అసలు చిక్కు అది కూర్చునే చోటుతో. వెనక చక్రం ఇరుసుకి ఇంకా వెనకగా, రాక్ చివర వేలాడుతున్నట్టు ఉంటుంది. వెనక చక్రం గుంతలో పడి లేచినప్పుడు సీటు మధ్యలో కూర్చున్న మనకి తగిలే కుదుపు కన్నా ఆ చివర తగిలేది చాలా ఎక్కువ. సిటీ బస్సులో వెనక సీట్లో కూర్చున్నవాళ్లకి ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. కొక్కరె బెళ్లూరులో దిగి బాక్స్ తెరిస్తే టెలి లెన్స్ ముందు తగిలించే హుడ్ మర ఊడి పక్కన పడి ఉండేది. లెన్స్ క్యాప్ అంచు చుట్టూ సన్నటి నల్ల పొడి. అది రోడ్డు దుమ్ము కాదు, ప్లాస్టిక్ ప్లాస్టిక్‌తో రాసుకుని అరిగిన పొడి. అడుగున మెత్తటి బట్ట ఎంత పరిచినా ఆ పొడి రావడం ఆగలేదు. కొన్నాళ్లకి జూమ్ రింగ్ కూడా కాస్త లూజైంది. విప్పి చూసిన మెకానిక్ లోపలి స్క్రూలు వదులయ్యాయని చెప్పి బిగించి ఇచ్చాడు.

కెమెరా కింద పడితే ఎలా అని అందరికీ భయమే. కానీ రోజంతా సాగే సన్నటి వైబ్రేషన్‌ని ఎవరూ పట్టించుకోరు. ఫొటో వణకకుండా చూసే స్టెబిలైజేషన్ ఉన్న లెన్సుల్లో ఒక గాజు ముక్క, చాలా మిర్రర్‌లెస్ బాడీల్లో సెన్సరే కదిలేలా అమర్చి ఉంటాయి. అందుకే కొన్ని కెమెరాలు ఆఫ్ చేసి ఊపితే లోపల టక్ టక్ మంటాయి. ఫోన్ల విషయంలో ఆపిల్ 2021లో తన సపోర్ట్ పేజీలోనే రాసింది: పవర్ ఎక్కువున్న బైక్ ఇంజిన్ల వైబ్రేషన్ హ్యాండిల్ ద్వారా చేరితే ఐఫోన్ కెమెరాలోని స్టెబిలైజేషన్, ఆటోఫోకస్ దెబ్బతినొచ్చు అని. హ్యాండిల్‌కి ఫోన్ బిగించుకుని మ్యాప్ చూసేవాళ్లు వైబ్రేషన్‌ని మింగే డ్యాంపర్ ఉన్న హోల్డర్ వాడటం మంచిది.

వైబ్రేషన్ ఒక్కటే చూస్తే వీపు బ్యాగే నంబర్ వన్. మన నడుమూ మోకాళ్లే దానికి షాక్ అబ్జార్బర్లు. ఫుట్‌రెస్ట్‌ల మీద కాస్త లేచి నిలబడితే గుంత సంగతి కెమెరాకి తెలియను కూడా తెలియదు. అయినా నేను మానేశాను. ఆరేడు కిలోలు భుజాలకి వేలాడుతుంటే పెనుకొండ దాటేసరికి మెడ పట్టేస్తుంది. అంతకన్నా పెద్ద కారణం, బండి పడితే గట్టి లెన్స్ మీద వెన్నెముక పడుతుంది. లెన్స్‌కి రిపేరుంది, వెన్నుకి అంత తేలిక కాదు. ఊళ్లో తిరిగేటప్పుడు, అదీ చిన్న లెన్స్‌తో అయితే సరే.

ఇక టెయిల్ బ్యాగ్. రాక్ మీద కాకుండా వెనక మనిషి కూర్చునే పిలియన్ సీటు మీదే, వీలైనంత ముందుకి, నా నడుముకి ఆనేలా కడతాను. అంటే బరువు రెండు చక్రాల మధ్యకి వస్తుంది. కింద సీటు స్పాంజి ఎలాగూ ఉంది. ఇన్సర్ట్ లోపల బాడీ వేరు, లెన్సులు వేరు. టెలి లెన్స్ తగిలించి ఉంచితే కుదుపు భారమంతా లెన్స్ బాడీకి బిగుసుకునే మౌంట్ మీదే పడుతుంది. జూమ్ లాక్ బటన్ నొక్కడం మర్చిపోకండి, లేకపోతే గొట్టం దానంతటదే బయటికి జారుతుంది.

ఇన్సర్ట్‌తో వచ్చిన స్పాంజి మెత్తగా బాగానే ఉంది గానీ, మూడో వానాకాలానికి గోళ్లతో గీకితే పొడిలా రాలడం మొదలైంది. జేసీ రోడ్డులో సీటు కవర్లు కుట్టే ఒక షాపుకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు తెలుగులోనే చెప్పాడు, "ఇది సోఫాకి ఏసే స్పాంజి అన్నా, చెమ్మ తగిలితే ఇంతే." నిజమే, పాలీయురెథేన్ ఫోమ్ తేమకి విరిగిపోతుంది, ఆ జిగట పొడి లెన్స్ వెనకుండే కరెంటు కాంటాక్టులకి అంటుకుంటే ఇంకో తలనొప్పి. దాని బదులు నీళ్లు పీల్చని ఈవీఏ ఫోమ్ షీటు కోయించి వేయించాను. అడుగున గట్టి పొర, దాని మీద మెత్తటి పొర. అంతా మెత్తగా ఉంటే పెద్ద గుంతలో ఫోమ్ పూర్తిగా నొక్కుకుపోయి లెన్స్ అడుక్కి తగులుతుంది, అంతా గట్టిగా ఉంటే చిన్న వైబ్రేషన్ నేరుగా లోపలికి వెళ్తుంది. అప్పటి నుంచి ఈ స్పాంజి పొడీ లేదు, టాప్ బాక్స్ నాటి నల్ల పొడీ కనపడలేదు.

కట్టడానికి బంజీ తాడు వద్దు. అది సాగుతుంది కాబట్టి ప్రతి కుదుపుకీ బ్యాగ్ ఎగిరి మళ్లీ పడుతుంది, కొక్కెం జారితే కంటికి తగులుతుంది. బకిల్ ఉన్న సాగని పట్టీలు నాలుగు, ఫ్రేమ్‌కి వేసి బిగించాలి. మిగిలిన కొసలు ముడి వేయకపోతే గాలికి ఎగిరి చెయిన్‌లోకి పోతాయి. ఇంకో చిట్కా ఎవరూ చెప్పరు: వెనక షాక్ అబ్జార్బర్ల ప్రీలోడ్ (స్ప్రింగ్ బిగింపు) పిలియన్ కోసం బిగించి ఉంటే, ఒంటరిగా వెళ్లేటప్పుడు ఒకటి రెండు మెట్లు తగ్గించుకోండి. టైర్లో గాలి కూడా సోలోకి మాన్యువల్‌లో చెప్పినంతే. ఖర్చు లేదు, కెమెరాకి తగిలే దెబ్బ మాత్రం బాగా తగ్గుతుంది.

వాన దగ్గరే ఈ బ్యాగ్‌కి మార్కులు తగ్గిస్తాను. దాంతో ఇచ్చిన రెయిన్ కవర్ పైనుంచి వచ్చే నీళ్లు ఆపుతుంది, వెనక చక్రం కింది నుంచి చిమ్మే బురదనీళ్లు ఆపదు. ఎనభై స్పీడులో బుడగలా ఉబ్బుతుంది కూడా. మే నెల సాయంత్రం బాగేపల్లి దగ్గర వాన పట్టుకుంటే ఆపి కవర్ తొడిగే టైమే ఉండదు. అందుకే ఇన్సర్ట్ మొత్తాన్ని మూతి మడిచి మూసే డ్రై బ్యాగ్‌లో పెట్టి ఆ తర్వాతే టెయిల్ బ్యాగ్‌లోకి దించుతాను. లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు, నారింజ రంగువి. ఆకుపచ్చకి తిరిగితే ఓవెన్లో వేడి చేసుకుని మళ్లీ వాడొచ్చు. నేలపట్టు, పులికాట్ వైపు వెళ్లి సూళ్లూరుపేటలో ఏసీ గదిలో పడుకుంటే, పొద్దున బయటికి వచ్చాక అరగంట బ్యాగ్ జిప్ తీయకండి. చల్లటి గాజు మీద తీరం గాలి తగిలితే వెంటనే మంచు పడుతుంది.

ట్యాంక్ బ్యాగ్‌లో బాడీ, చిన్న లెన్స్ మాత్రమే. కుదుపు తక్కువ, కళ్లెదుటే ఉంటుంది, టీకి ఆగితే చేత్తో పట్టుకుపోవచ్చు. ఈ బ్యాగ్‌ని ట్యాంక్‌కి పట్టి ఉంచే అయస్కాంతాలకి మెమరీ కార్డులు చెడిపోతాయని చాలామందికి టెన్షన్. ఎస్‌డీ కార్డులకి ఏమీ కాదు, తిరిగే డిస్క్ ఉన్న హార్డ్ డిస్క్‌ని మాత్రం దూరంగా ఉంచండి. ఎండాకాలం మధ్యాహ్నం ట్యాంక్ వేడికి అడుగు కాలిపోతుంటుంది, బ్యాటరీలు అందులో పెట్టను.

ట్రైపాడ్‌ని టెయిల్ బ్యాగ్ మీద అడ్డంగా కాకుండా బండి పొడవు వెంట కట్టాలి, ట్రాఫిక్‌లో పక్క బండి అద్దానికి తగలకుండా. లేపాక్షికి అయితే అసలు మోయడమే దండగ, పురావస్తు శాఖ కట్టడాల్లో దానికి ముందుగా అనుమతి కావాలి. బండి ఇన్సూరెన్స్ ఉంది కదా అని కెమెరా గురించి నిశ్చింతగా ఉండకండి, మామూలు పాలసీ మీ వెంట ఉన్న సామానుకి వర్తించదు, కెమెరాకి విడిగా తీసుకోవాలి. ఎప్పుడూ పిలియన్‌తో వెళ్లేవాళ్లకి ఈ టెయిల్ బ్యాగ్ ఏర్పాటు పనికిరాదు. వాళ్లు ట్యాంక్ బ్యాగ్‌తో సరిపెట్టుకుని, టెలి లెన్స్‌ని వెనక కూర్చున్నవాళ్ల ఒళ్లో పెట్టించుకోవడమే మేలు.