పాత హైదరాబాద్ ఫొటోలకు వికీమీడియా కామన్స్ పనికొస్తుందా?

ఇది వికీపీడియా వాళ్ల ఫొటోల భండారం. పైసా ఖర్చు లేదు, ఫొటోలు చూడ్డానికి, దింపుకోడానికి అకౌంట్ కూడా అక్కర్లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ తీసినవి ఇక్కడ చాలానే ఉన్నాయి. పెద్ద సైజు ఫైల్ దొరికితే మాత్రం జూమ్ చేసి మూలమూలా చూడండి, నెగటివ్ మీదే రాసిన నంబరు, వెనకాల నిలబడ్డ నౌకర్ల బట్టలు, గోడల తీరు, అసలు సమాచారమంతా అక్కడే ఉంటుంది గానీ మధ్యలో ఫోజిచ్చిన దొరల దగ్గర కాదు.

ఇబ్బందల్లా వివరాలతోనే. ఎవరైనా అప్‌లోడ్ చేయొచ్చు కాబట్టి తేదీ, పేరు గుడ్డిగా నమ్మొద్దు, ఒక్కోసారి స్కాన్ చేసిన తేదీనే ఫొటో తేదీగా పెట్టేస్తారు. 1908 మూసీ వరద ఫొటోకి దీన్‌దయాళ్ తీశారని రాసి ఉంటే అక్కడే ఆగండి, ఆయన 1905లోనే పోయారు, ఆయన స్టూడియో వాళ్లు తీసిందేమో చూడాలి. సోర్స్ దగ్గర లైబ్రరీ లింకు ఉంటే వెళ్లి సరిచూసుకోవచ్చు, ఏదో ఫేస్‌బుక్ పేజీ అని ఉంటే నేనైతే వాడను.

తెలుగులో వెతికితే పెద్దగా ఏమీ రావు, ఇంగ్లీషు స్పెల్లింగులు రెండు మూడు రకాలుగా కొట్టి చూడాల్సిందే. ఐదుకి నాలుగు మార్కులు, ఆ ఒక్కటీ సెర్చ్‌కే కోశా.