శిలువ లేని చర్చిలో నాలుగేళ్ల ఆదివారాలు

తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో, ఒక ఇంటి మేడ మీద ప్రతి ఆదివారం సాయంత్రం ఆరింటికి ఒక కూడిక జరుగుతుంది. మధ్యలో మానేసిన నెలలు తీసేసినా నాలుగేళ్లు వెళ్లాను. పేరు రాయను. రాసేవన్నీ మెచ్చుకోళ్లు కావు మరి.

మొదలుపెట్టిన వాళ్లలో ఎక్కువమంది చర్చిలో పెరిగినవాళ్లు, అందుకే అలవాటుగా చర్చి అనే అంటారు. శిలువ లేదు, పటం లేదు, బాప్తిస్మం ఊసే లేదు. దేవుడంటే ఏదో ఉందనిపిస్తుంది గానీ ఏ మతంలోనూ ఇమడలేను అనేవాళ్ల కోసం పెట్టింది. ఒక ట్రాన్స్‌జెండర్ అక్క వస్తుంది, ఆమెను ఎవరూ తేరిపార చూడరు. మా ఊళ్లో అది చిన్న విషయం కాదు.

మా ఆయన శనివారం ఒక్కపొద్దు ఉండే మనిషి. మా అత్తగారైతే మొదటి నెలలోనే "ఏం పాపా, చర్చీలో కలిసిపోయినావా?" అని నిలదీసింది. కలవడానికి అక్కడ ఏమీ లేదని నమ్మించడానికి ఆరు నెలలు పట్టింది. నిజంగానే ఇప్పటిదాకా నన్నెవరూ ఏ కాగితం మీదా సంతకం పెట్టమనలేదు.

జరిగేది ఇంతే. ఒక దీపం వెలిగిస్తారు. ఇరవై నిమిషాలు మౌనం. తర్వాత ఒక వారం సువార్త, ఒక వారం ఉపనిషత్తు, ఒక వారం సూఫీ కవిత చదువుతారు. తోచినవాళ్లు మాట్లాడతారు, ఎదుటివాళ్లకు సలహా మాత్రం ఇవ్వకూడదు. ఇంగ్లాండులో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు 17వ శతాబ్దం నుంచి ఇలాగే మాటల్లేకుండా కూర్చుంటున్నారని, ఎవరికైనా లోపల్నుంచి మాట వస్తేనే లేచి చెప్తారని వేలూరులో నర్సుగా చేసి రిటైరైన ఒక పెద్దావిడ చెప్పింది. ఆ చివర్లో టీ, బొరుగుల మిక్చర్.

మౌనం మొదట్లో నాకు శిక్షే. కింది వాటాలో కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో లెక్కపెట్టేదాన్ని. కొండకు పోయే బస్సు హారన్ వినిపిస్తే రేపటి టిఫిన్ గుర్తొచ్చేది. మూడో నెలలో అనుకుంటాను, ఒకరోజు ఏ కారణమూ లేకుండా ఏడుపొచ్చింది. పక్కనున్నావిడ నా వైపు తిరగను కూడా తిరగలేదు. ఇంట్లో అయితే ఐదుగురు వచ్చి ఏమైందని అడిగేవాళ్లు.

ఒక ఆటో అన్న మూడు వారాలొచ్చి మానేశాడు. స్టాండులో కనిపిస్తే అడిగాను. "మీ మాటలు బాగుండాయి మేడం. కానీ సగం ఇంగ్లీషు. పాట కూడా లేకపోతే దేవుడి దగ్గర ఏం చేయాలో నాకు తెలీలా" అన్నాడు. అందరికీ తలుపు తెరిచి ఉంది అంటాం గానీ లోపల కూర్చున్నది దాదాపు అంతా లెక్చరర్లు, బ్యాంకువాళ్లు, డాక్టర్లు. ఈ మాట రెండుసార్లు లేవదీశాను. తలలూపారు, ఇంగ్లీషులోనే.

డబ్బుల సంగతి కూడా. హుండీ లాంటి డబ్బా ఉంటుంది, రెండేళ్లు లెక్క చెప్పలేదు. గొడవ చేస్తే ఇప్పుడు నెలనెలా తలుపుకు కాగితం అంటిస్తున్నారు. అద్దె అగ్రిమెంటు ఇప్పటికీ ఒక్కరి పేరు మీదే. ఏడుగురుంటే చాలు, 2001 చట్టం కింద సొసైటీగా రిజిస్టర్ చేసుకోవచ్చు, బ్యాంకు ఖాతా వస్తుంది. ఒక పెద్దాయన ఒప్పుకోడు. 1895లో మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, 1929లో తనను గురువును చేసి కూర్చోబెట్టిన సంఘాన్నే రద్దు చేశాడని ప్రతిసారీ గుర్తుచేస్తాడు. నిజమేనయ్యా, కానీ ఓనరు రేపు ఖాళీ చేయమంటే మౌనం ఎక్కడ పాటించాలి?

అత్తగారు ఆసుపత్రిలో ఉన్న పదకొండు రాత్రుల్లో ఆరు రాత్రులు ఈ కూడికవాళ్లే వంతులేసుకుని పడుకున్నారు. చుట్టాలు పండ్లు తెచ్చి పోయారు. నన్ను చర్చీలో కలిసిపోయినావా అన్న మనిషే చివర్లో "ఆ నర్సమ్మ ఈ రాత్రికి వస్తుందా?" అని అడిగేది.

అదే మనుషులు పోయినేడాది మాలో ఒకాయన పోతే చేతులెత్తేశారు. ఒంటరి మనిషి. పూడ్చాలా, కాల్చాలా అని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒక మంత్రం తెలిసిన మనిషి లేడు, ఒక కీర్తన ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. ఏది చేసినా ఆయన్ను ఒక మతానికి అప్పగించినట్టవుతుందేమోనని భయం. శవాన్ని ఫ్రీజర్ బాక్సులో పెట్టుకుని రోజంతా వాదించుకున్నాం. చివరికి దహనం చేశాం. అంత్యక్రియలు ఎందుకు పుట్టాయో ఆ రోజు నాకు అర్థమైంది. దుఃఖంలో ఉన్నవాడికి తర్వాత ఏం చేయాలో ఎవరో ఒకరు చెప్పాలి.

ఆ తర్వాత అందరి చేతా ఒక కాగితం రాయించుకుంటున్నారు: ఎవరికి ఫోన్ చేయాలి, ఏ పద్ధతిలో సాగనంపాలి. నేనూ రాశాను, ఫోన్ నంబరు వరకు. రెండో గడి గురించి మా ఆయనతో ఇంకా మాట్లాడాలి.

వెళ్లాలనుకుంటే చిన్న దిండు తీసుకెళ్లండి, నేల మీద చాపలే. లిఫ్టు లేదు. బ్రహ్మోత్సవాలప్పుడు ట్రాఫిక్‌కు ముప్పావుగంట ముందే బయల్దేరండి, మౌనం మొదలయ్యాక తలుపు తీయరు.