ప్యాకెట్ మాంసం లేబుల్‌పై ఫిర్యాదు: ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌కు ఐదుకి మూడు

విశాఖ సూపర్ మార్కెట్లలో నగ్గెట్లు, సాసేజీలు, ట్రేలో చుట్టిన ఖైమా కొన్నాక లేబుల్ మీద అనుమానం వస్తే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. తప్పు అచ్చులోనే కనిపిస్తుంటే ఈ సేవ బాగా పనికొస్తుంది. లోపలి సరుకు సంగతి తేల్చాలంటే ఫొటోలు చాలవు. రెండు మార్కులు పోయింది అక్కడే.

ముందు లేబుల్ మీది 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు చూడండి. 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే చిన్న వ్యాపారి రిజిస్ట్రేషన్. మొదటి మూడు అంకెలు 100 అని ఉంటే కేంద్రం ఇచ్చింది, 101 అయితే ఆంధ్రప్రదేశ్‌ది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సుల సైటు ఫోస్కోస్‌లో కొడితే ఎవరిదో తెలుస్తుంది. బ్రాండుది ఒకటి, తయారీదారుది ఒకటి ఉంటే రెండూ కొట్టండి.

తర్వాత అచ్చు. మాంసాహార గుర్తు ఇప్పుడు గోధుమ రంగు చదరంలో త్రిభుజం; గుండ్రటి చుక్క పాత నిబంధనలది. గడువు తేదీ తప్పనిసరి, ఒట్టి 'బెస్ట్ బిఫోర్' సరిపోదు. దినుసులు బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. చికెన్ వెనకే నీళ్లు కనిపిస్తే దేనికి డబ్బు కడుతున్నారో అర్థమవుతుంది. ఐఎన్‌ఎస్ (ఆహారంలో కలిపే పదార్థాల కోడ్) 250 అని ఒట్టి నంబరు వేస్తే తప్పే, అది ప్రిజర్వేటివ్ అని కూడా చెప్పాలి. సోయా, గోధుమ, పాలు ఉంటే ఎలర్జీ హెచ్చరిక విడిగా ఉండాలి.

అసలు చిక్కంతా ట్రేలతోనే. ఎదురుగా కొట్టి ఇచ్చే మాంసానికి లేబుల్ అక్కర్లేదు. ముందే చుట్టి ఫ్రిజ్‌లో పేర్చినదానికి కావాలి. త్రాసు స్టిక్కర్ మీద మాత్రం ఆ రోజు ప్యాకింగ్ తేదీ పడుతుంది. గడ్డకట్టిన దిమ్మను కరగబెట్టి ముక్కలు చేసి ట్రేలో పెడితే పాత బ్యాచ్, పాత గడువు రెండూ మాయం. అందుకే దుకాణం కొనుగోలు బిల్లులు తనిఖీ చేయాలని ఫిర్యాదులోనే రాయండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే అధికారి స్టిక్కర్ చూసి వెళ్లిపోయే అవకాశం ఎక్కువ.

ఇంటికి తెచ్చి విప్పిన ప్యాకెట్ ఆహార భద్రత, ప్రమాణాల చట్టం దృష్టిలో శాంపిల్ కాదు. ఫుడ్ సేఫ్టీ అధికారి దుకాణంలో తీసి, నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి. కాబట్టి ఆ బ్యాచ్ అమ్ముడైపోకముందే, అదే రోజు ఫిర్యాదు పెట్టండి. ఫ్రీజర్ కవరుకి చెమ్మ పట్టి బ్యాచ్ నంబరు చెరిగిపోతుంది. మొదటి ఫొటో దానిదే, రెండోది బిల్లుది.

శాంపిల్‌ను పరీక్షించే ఫుడ్ ఎనలిస్టు నివేదికకు చట్టం ఇచ్చిన గడువు 14 రోజులు. తప్పుడు లేబుల్ కేసు జాయింట్ కలెక్టర్ ముందుకు వెళ్తుంది. సెక్షన్ 52 కింద జరిమానా 3 లక్షల దాకా, జైలు లేదు. తూకం, ఎమ్మార్పీ తగాదాలు ఇక్కడ పెట్టి లాభం లేదు, అవి తూనికలు కొలతల శాఖవి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

అధికారి కోసం ఆగలేనివారికి అదే చట్టంలో సెక్షన్ 40 ఉంది. పరీక్షకే కొంటున్నానని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పి, రుసుము కట్టి ఫుడ్ ఎనలిస్టుకి ఇవ్వవచ్చు. తప్పు తేలితే ఆ రుసుము వెనక్కి వస్తుంది.