కడపలో కూర్చుని విమానం టికెట్లు వెతకడం: ఏళ్లుగా వాడాక

మా వాళ్లు కువైట్‌లో ఉన్నారు. చుట్టాల్లో ఎవరికి టికెట్ కావాలన్నా చూసిపెట్టే పని నాదే, కాబట్టి ఈ సైట్లన్నీ బాగానే తిరగేశాను.

కడపలో 2015 నుంచి విమానాశ్రయం ఉన్నా, కువైట్ పోవాలంటే చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో ఏదో ఒకటి పట్టుకోవాల్సిందే. అందుకే గూగుల్ ఫ్లైట్స్‌కు నా మొదటి ఓటు. బయల్దేరే చోట మూడు ఊళ్లూ ఒకేసారి పెట్టొచ్చు. కాకపోతే అందులో కనబడేది విమానం ఖర్చే. కడప నుంచి అక్కడిదాకా పోయే బాధ మనమే కలుపుకోవాలి. చెన్నైలో తెల్లారి నాలుగున్నర విమానం ఎంత చవకైనా, మూడు గంటల ముందు అక్కడుండాలంటే సాయంత్రమే ఇల్లు కదలాలి. ముసలోళ్లు, చంటిపిల్లలు ఉంటే నేను దాన్ని చూడను కూడా చూడను. కారుంటే మదనపల్లె, చింతామణి మీదుగా నేరుగా బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి చేరొచ్చు, బెంగళూరు ట్రాఫిక్ తగలదు.

టైములు ఏ ఊరివి ఆ ఊరి గడియారం ప్రకారం చూపిస్తారు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. రాత్రి తొమ్మిదికి ఎక్కి పదకొండున్నరకు దిగుతారని ఉంటే అది ఐదు గంటల ప్రయాణం. పక్కనే ఉండే మొత్తం సమయం చూడండి, మధ్యలో ఆగే గంటలు కూడా అందులోనే ఉంటాయి.

నలుగురికి కలిపి వెతికితే ఒక్కోసారి రేటు పెరుగుతుంది. తక్కువ ధర సీట్లు రెండే మిగిలుంటే నలుగురికీ పై ధరే వేస్తారు. ముందు ఒక్కరికి వెతికి చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఇక మేక్‌మైట్రిప్‌లో చూసి, మళ్లీ గోఐబిబోలో పోల్చుకునేవాళ్లున్నారు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే అంగడికి రెండు వాకిళ్లు. స్కైస్కానర్ నెలంతా ధరలు చూపించడంలో బాగుంటుంది గానీ, టికెట్ కొనడానికి అది మనల్ని పంపే అమ్మకందార్లలో పేరు వినని వాళ్లూ ఉంటారు.

చవకగా కనబడిన ధరకు చివర్లో కన్వీనియన్స్ ఫీజు తోడవుతుంది. ఇన్సూరెన్స్ టిక్కు ఉందేమో చూసి తీసేయండి. ఒక సైట్లో కొన్న టికెట్ రద్దు చేస్తే, ఎయిర్‌లైన్ వాళ్లు సైటును అడగమన్నారు, సైటు వాళ్లు ఎయిర్‌లైన్‌ను అడగమన్నారు. డబ్బు వచ్చేసరికి ప్రాణం విసిగిపోయింది. అప్పట్నుంచి వెతికేది ఎక్కడైనా, కొనేది ఎయిర్‌లైన్ సొంత సైట్లోనే. వంద, రెండొందలు ఎక్కువైనా సరే.

సామాను కిలోలు మాత్రం ఏ సైట్లోనూ ధరంత పెద్దగా కనబడవు. కువైట్ నుంచి వచ్చేవాళ్లకేమో ముందు అవే కావాలి. రెండు వేలు తక్కువని కొన్న టికెట్లో పది కిలోలు తగ్గితే, చెక్-ఇన్ కౌంటర్ ముందు పెట్టె విప్పి పాలపొడి డబ్బాలు, దుప్పట్లు బయటపెట్టడమే.