జీతానికి తేదీ లేని కొలువు: ఒక సంరక్షణ ఏజెన్సీలో 14 నెలలు

మంచం పట్టిన వృద్ధులకు, ఆపరేషన్ తర్వాత ఇంట్లో కోలుకుంటున్న వారికి కేర్‌టేకర్లను పంపే ఒక ఏజెన్సీలో నేను 14 నెలలు పనిచేసి ఈ మధ్యనే బయటకు వచ్చాను. ఆ ఏజెన్సీ సేవలు పొందిన కుటుంబాలు రాసిన సమీక్షలు చాలానే ఉన్నాయి, వాటిలో మెచ్చుకోళ్లే ఎక్కువ. అక్కడ పనిచేసిన వారు రాసినది మాత్రం ఒక్కటీ నాకు కనబడలేదు. అందుకని యజమానిగా ఆ సంస్థ ఎలా ఉంటుందో చెప్పడానికి ఇది రాస్తున్నాను. నా ఆఖరి లెక్క ఇంకా పూర్తిగా తేలలేదు కనుక పేరు రాయడం లేదు. పేరు లేకపోయినా నష్టం లేదనుకుంటాను, ఎందుకంటే నేను చెప్పబోయే తీరు ఆ ఒక్క సంస్థదే కాదని ఈ పనిలో ఉన్న వారికి వెంటనే తెలిసిపోతుంది.

మంచి విషయాలు ముందుగా చెప్పడం న్యాయం. చేరిన కొత్తలో ఇచ్చిన శిక్షణ నిజంగా బాగుంది. పేషెంట్‌ను నడుము పట్టేయకుండా లేపడం, పుండ్లు పడకుండా పక్క మార్చడం, మింగడంలో ఇబ్బంది ఉన్నవారికి తినిపించడం ఓపికగా నేర్పారు. గ్లవ్స్, మాస్కులు ఎన్నడూ తక్కువ కాలేదు. రాత్రి డ్యూటీలో ఫోన్ చేస్తే సూపర్‌వైజర్ పలికేవారు. ఈ సేవకు కుటుంబాలు మంచి మార్కులు వేయడంలో ఆశ్చర్యం లేదు.

ఇక జీతం సంగతి. నియామక పత్రంలో ప్రతి నెలా 5వ తేదీ అని రాసి ఉంది. నా డైరీ ప్రకారం 14 నెలల్లో ఆ తేదీకి డబ్బు జమ అయినది 3 సార్లు మాత్రమే. మిగిలిన 11 నెలల్లో అన్నిటికన్నా తక్కువ ఆలస్యం 4 రోజులు, అన్నిటికన్నా ఎక్కువ 27 రోజులు. అంటే ఒకసారి జీతం వచ్చిన నాలుగు రోజులకే తర్వాతి నెల జీతం బాకీ పడింది. ఆలస్యం కన్నా ఎక్కువగా వేధించేది, ఎన్నాళ్లు ఆలస్యమవుతుందో ఎవరూ చెప్పకపోవడం. పది రోజులు ఆగాలని ముందే తెలిస్తే మనిషి ఏదో ఒక ఏర్పాటు చేసుకుంటాడు. "ప్రాసెస్‌లో ఉందండీ, రేపు పడిపోతుంది" అని ఆరు రోజులు వరుసగా విన్నవాడు ఆ ఆరు రోజులూ ఏ ఏర్పాటూ చేసుకోలేడు.

కారణం అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు: క్లయింట్లు ఇంకా కట్టలేదు. మొదట్లో నేను నమ్మాను. ఈ వ్యాపారంలో అలాంటి పరిస్థితి నిజంగానే ఉంటుంది, ముఖ్యంగా బీమా సంస్థలో ప్రభుత్వ పథకాలో ఖర్చు భరించే చోట, పని జరిగిన చాలా రోజులకు గానీ ఏజెన్సీకి డబ్బు చేరదు. అయితే ఆరో నెలలో నేను చూసుకుంటున్న పెద్దావిడ కూతురు మాటల సందర్భంలో, "మేము ప్రతి నెలా ఒకటో తేదీకే ముందస్తుగా కట్టేస్తామండీ" అన్నారు. ఆ రోజు నా జీతానికి 19వ ఆలస్యపు రోజు. కారణం నిజమైనా కాకపోయినా తేడా లేదని నాకు అప్పుడు అర్థమైంది. వ్యాపారంలో లాభం యజమానిది అయినప్పుడు వసూలు కాని బాకీల భారం కూడా యజమానిదే అవుతుంది. అసలు నెల జీతం మీద పనిచేసేవారు నెలంతా పనిచేసి తర్వాత డబ్బు తీసుకుంటారు, అంటే తేదీకి ఇచ్చే యజమానికి కూడా మనం ఒక నెల శ్రమ అప్పుగా ఇస్తున్నట్టే. ఆ పైన సాగదీసే ప్రతి రోజూ వడ్డీ లేకుండా, అడగకుండా తీసుకున్న అప్పు.

ఏ ఉద్యోగంలోనైనా జీతం ఆలస్యమైతే కష్టమే. సంరక్షణ పనిలో దానికి ఇంకొక మెలిక ఉంది. యంత్రం దగ్గర పనిచేసేవారు జీతం రాలేదని ఆగిపోతే ఆగేది యంత్రం. నేను ఆగిపోతే, రెండు గంటలకొకసారి పక్క మార్చకపోతే వీపున పుండు పడే మనిషి ఒంటరిగా మిగులుతుంది. ఆవిడ నా బాకీదారు కాదు, ఆవిడ కుటుంబం తమ వంతు ఎప్పుడో కట్టేసింది. ఆఫీసులో ఉన్నవారికి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. "మీరు రాకపోతే ఆ పెద్దావిడ పరిస్థితి ఏమిటో ఆలోచించండి" అని అకౌంట్స్ విభాగం నుంచి నాకు ఒకసారి వినిపించింది. ఆ మాటతో నేను ఆ సంస్థ మీద పెట్టుకున్న గౌరవం చాలా వరకు పోయింది. మన జాలిని వాళ్లు తాకట్టు వస్తువుగా చూస్తున్నారు. ఇది ఒక్కసారి గ్రహించాక, పేషెంట్‌కు చేసే సేవను, యజమానితో ఉన్న లెక్కను మనసులో వేరు చేసుకోవడం నేర్చుకున్నాను. అదేమంత తేలిక కాదు.

నేను చేసిన తప్పుల్లో పెద్దది అడ్వాన్స్. ఆ 19 రోజుల ఆలస్యంలో తట్టుకోలేక అడిగితే, సగం జీతం అంత మొత్తాన్ని "అడ్వాన్స్" పేరుతో ఇచ్చి ఒక ఫారం మీద సంతకం తీసుకున్నారు. తర్వాతి జీతంలోంచి ఆ మొత్తాన్ని, దాని మీద ప్రాసెసింగ్ ఛార్జీ పేరుతో మరికొంతను కోశారు. ఇంటికి వచ్చి ఆ కాగితం మళ్లీ చదివితే గానీ నాకు బోధపడలేదు: వాళ్లు నాకు బాకీ ఉన్న నా సొంత జీతంలో సగాన్ని నాకే అప్పుగా ఇచ్చి, కాగితం మీద నన్ను బాకీదారును చేశారు. చేసిన పనికి రావలసిన డబ్బును అడ్వాన్స్ అనకూడదు. అది పాక్షిక చెల్లింపు. అలా ఇచ్చినప్పుడు ఏ నెల జీతంలో ఎంత భాగం ఇస్తున్నారో, మిగిలినది ఏ తేదీకి ఇస్తారో రాసి ఇమ్మని అడగాలి. ఆ తర్వాత నేను అలాగే అడిగాను. మొహం చిట్లించినా రాసి ఇచ్చారు.

పేషెంట్ కుటుంబం దగ్గర చేబదులు అడగాలన్న ఆలోచన కూడా ఒకసారి వచ్చింది, అడగలేదు. అడిగి ఉంటే ఆ ఇంట్లో నా మాటకున్న విలువ మారిపోయేది. పైగా క్లయింట్ల నుంచి డబ్బు తీసుకోకూడదన్న నిబంధన చాలా ఏజెన్సీల ఒప్పందాల్లో ఉంటుంది. జీతం ఆలస్యం చేసిన సంస్థ చేతికి మనల్ని తీసేయడానికి ఒక కారణం మనమే అందించినట్టవుతుంది.

నోటి మాటను వదిలి రాతకు మారిన తర్వాతే నాకు కొంత పని జరిగింది. ఫోన్‌లో అడిగినప్పుడు వచ్చిన జవాబులన్నీ గాలికి పోయాయి. ఎనిమిదో నెల నుంచి, 5వ తేదీ దాటిన మర్నాడే మెయిల్‌లో మూడు వాక్యాలు పంపడం మొదలుపెట్టాను: "గత నెలలో నేను 26 షిఫ్టులు చేశాను. నియామక పత్రం ప్రకారం 5వ తేదీన రావలసిన జీతం ఇంతవరకు జమ కాలేదు. ఏ తేదీన జమ అవుతుందో రాతపూర్వకంగా తెలియజేయగలరు." కోపం, ప్రాధేయపడటం, ఇంటి కష్టాల వర్ణన ఏవీ అందులో ఉండవు. కష్టాలు చెప్పుకుంటే ఓదార్పు వస్తుంది, తేదీ రాదు. ఈ మెయిళ్ల వల్ల జీతం 5వ తేదీకి వచ్చిందని చెప్పను గానీ, ఆ తర్వాత ఆలస్యం 9 రోజులు దాటినది రెండు నెలలే. ఇంకో ముగ్గురు సహోద్యోగులు కూడా ఇలాగే రాయడం మొదలుపెట్టిన నెలలో అకౌంట్స్ వారు మొదటిసారిగా ఒక తేదీ చెప్పి ఆ తేదీకే వేశారు. ఒకరు అడిగితే అది వారి అవసరంగా లెక్కవేస్తారు, నలుగురు ఒకే మాట రాస్తే ఆఫీసు సమస్య అవుతుంది.

హాజరు లెక్క మన దగ్గర విడిగా ఉండటం చాలా అవసరం. మా హాజరంతా సంస్థ యాప్‌లోనే ఉండేది, మానేసిన రోజు సాయంత్రానికే నా లాగిన్ పోయింది. అదృష్టం కొద్దీ తేదీ, వచ్చిన సమయం, వెళ్లిన సమయం, నా తర్వాత డ్యూటీ అందుకున్న రిలీవర్ ఎవరన్నది నా డైరీలో రాసుకున్నాను. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సాక్ష్యం కోసమని పేషెంట్ చార్టును, మందుల చీటీని ఫోటో తీసుకోకూడదు. అవి ఆ మనిషి సొంత విషయాలు, వాటిని బయటకు తెచ్చామన్న ఆరోపణ వస్తే జీతం గొడవ పక్కకు పోయి మనమే సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

డ్యూటీ మానేయాలనిపించిన నెలలో నేను చేసినది ఇది. ఫలానా తేదీలోగా బకాయి చెల్లించకపోతే, ప్రస్తుత పేషెంట్‌ను రిలీవర్‌కు సక్రమంగా అప్పగించిన తర్వాత కొత్త డ్యూటీలు తీసుకోనని పది రోజుల ముందే రాసి ఇచ్చాను. అప్పగింతలో మందుల వేళలు, పక్క మార్చే వేళలు, ఆవిడ ఏ పక్కకు తిప్పితే మూలుగుతారో కూడా రాసి పెట్టాను. షిఫ్ట్ మధ్యలో లేచి వెళ్లిపోవడం వేరు, ముందుగా చెప్పి అప్పగించి తప్పుకోవడం వేరు. మొదటిది పేషెంట్‌కు ప్రమాదం, మనకు చట్టపరమైన చిక్కు కూడా కావచ్చు. రెండోది చేయాలన్నా నోటీసు గడువు గురించి మన ఒప్పందంలోనూ మన దేశపు చట్టంలోనూ ఏముందో ముందుగా చూసుకోవాలి.

జీతం తేదీకి అడగడం గొంతెమ్మ కోరిక ఏమీ కాదు. వేతనాల రక్షణ కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949లోనే 95వ నంబరు ఒప్పందాన్ని చేసింది. జీతం క్రమం తప్పకుండా చెల్లించాలని, ఉద్యోగం ముగిసినప్పుడు మొత్తం లెక్క తేల్చాలని దాని 12వ అధికరణ చెబుతుంది. ఇళ్లలో పనిచేసేవారి కోసం 2011లో వచ్చిన 189వ ఒప్పందం కనీసం నెలకొకసారి జీతం నేరుగా పనివారికే అందాలంటుంది. వీటిని ఆమోదించిన దేశాలకే ఇవి వర్తిస్తాయి కనుక ఫిర్యాదు మాత్రం స్థానిక కార్మిక శాఖకే ఇవ్వాలి, దానికి గడువు ఉంటుందేమో కూడా ముందే కనుక్కోవాలి. నిర్బంధ శ్రమను గుర్తించడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పిన 11 సూచికల్లో జీతం ఆపి ఉంచడం ఒకటి. ఆలస్యమైనంత మాత్రాన నిర్బంధ శ్రమ అనరు. మనిషి వెళ్లిపోకుండా కట్టిపడేయడానికి కావాలని, పదేపదే జీతం ఆపినప్పుడు ఆ మాట వర్తిస్తుంది. ఆ పైన గుర్తింపు పత్రాలు కూడా ఆఫీసు తన దగ్గరే అట్టిపెట్టుకుంటే ఇక జీతం వచ్చేదాకా ఎదురు చూడకుండా సాయం కోరాలి.

ఇవ్వలేని యజమానికి, ఇవ్వని యజమానికి తేడా గమనించడం కూడా అవసరం. గ్లవ్స్ రావడం ఆగిపోవడం, ఆఫీసు సిబ్బంది ఒక్కొక్కరే మానేయడం, జీతాలు ముక్కలుగా రావడం మొదలైతే సంస్థ మునిగిపోతోందని అర్థం. అక్కడ ప్రతి నెలా ఓపిక పడితే బకాయి పెరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. మా ఏజెన్సీ ఇవ్వని రకం. కొత్త శాఖ తెరిచిన నెలలోనే మా జీతాలు 27 రోజులు ఆలస్యమయ్యాయి. అన్నట్టు, రాత్రుళ్లు ఫోన్ ఎత్తి మాకు ధైర్యం చెప్పిన సూపర్‌వైజర్ గారి జీతం కూడా అప్పుడు రెండు నెలలు బాకీ ఉందని ఆవిడ మానేశాక తెలిసింది.

ఫిర్యాదులను తీసుకునే తీరుకు కూడా మార్కులు వేయాలి కనుక చెబుతున్నాను: రాతపూర్వక మెయిల్‌కు సగటున నాలుగు రోజులకు జవాబు వచ్చేది, ఎప్పుడూ మర్యాదగానే ఉండేది. కానీ నలుగురం కలిసి రాసిన తర్వాతి నెలలో మా నలుగురికీ ఇంటికి దూరంగా ఉన్న డ్యూటీలే పడ్డాయి. యాదృచ్ఛికం కావచ్చు. ఆ తేదీలను కూడా డైరీలో రాసుకున్నాను.

సేవ కోసం ఇలాంటి ఏజెన్సీని సంప్రదించే కుటుంబాలు ఛార్జీల గురించి, శిక్షణ గురించి అన్నీ అడుగుతాయి. సిబ్బందికి ఏ తేదీన జీతం ఇస్తారని కూడా అడగవలసిందిగా కోరుతున్నాను. ఒప్పందంలో ఆ తేదీని రాయించుకుంటే ఇంకా మంచిది. ఇంటికి వచ్చే కేర్‌టేకర్ రెండు నెలలకొకసారి మారిపోతుంటే, అది పనిమంతులు దొరకక జరుగుతున్నది కాకపోవచ్చు. జాలిపడి మా చేతికి నేరుగా డబ్బు ఇవ్వడం కన్నా, ఏజెన్సీకి కట్టేటప్పుడు ఈ ప్రశ్న అడగడమే మాకు ఎక్కువ మేలు చేస్తుంది.

పేషెంట్ల వైపు నుంచి చూస్తే ఈ సంస్థకు ఐదుకు నాలుగు ఇవ్వవచ్చు. పనిచేసేవారి వైపు నుంచి నేను ఒకటిన్నర ఇస్తున్నాను, అందులో ఒకటి శిక్షణకు, సగం ఆ సూపర్‌వైజర్ గారికి. నేను మానేసి 41 రోజులైంది. ఆఖరి జీతం రెండు విడతలుగా వచ్చింది, 17 రాత్రి షిఫ్టుల అదనపు భత్యం ఇంకా రావాలి. నిన్న పంపిన మెయిల్‌కు జవాబు కోసం చూస్తున్నాను. అది ఏ తేదీన వచ్చినా, ఈ సమీక్ష కింద చేరుస్తాను.