రావులపాలెంలో టైర్లు మార్పించాను: పాత హిమాలయన్ ఉన్నవాళ్ల కోసం

నా బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, పాత 411 సీసీది. 2021 మోడల్, రీడింగ్ 31 వేలు దాటింది. నేను మందుల కంపెనీ రెప్‌ని, ఉండేది అమలాపురం. సోమవారం ముమ్మిడివరం, యానాం. మంగళవారం అంబాజీపేట, పి.గన్నవరం. గురువారం రాజోలు, మలికిపురం చూసుకుని సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లనీ మనుషుల్నీ గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం. ఏడాదికి రెండుసార్లు బ్యాగులు కట్టుకుని నేనూ మా ఆవిడా దూరం పోతాం. హంపి వెళ్లాం, అరకు రెండుసార్లు వెళ్లాం. టూరింగ్ బండే గానీ దాని బతుకు ముప్పాతిక కోనసీమ గట్ల మీదే గడిచిపోతుంది. ఈ సంగతి నాకు తెలీక కాదు, టైర్లు కొనేటప్పుడు మాత్రం గుర్తుకు రాదు.

2025 అక్టోబరు 28న మోంథా తుపాను మా వైపే తీరం దాటింది. తర్వాత కొన్నాళ్లు రోడ్ల మీద కొబ్బరి మట్టలు, విరిగిన కొమ్మలు, ఎగిరిపోయిన రేకుల తాలూకు మేకులు. పదిహేను రోజుల్లో వెనక చక్రం మూడుసార్లు పంచరైంది. 411వి స్పోకు చక్రాలు, లోపల ట్యూబులు. ట్యూబ్‌లెస్ అయితే రోడ్డు పక్కనే చిల్లులో రబ్బరు పురి కుక్కుకుని పోవచ్చు, దీనికి ప్రతిసారీ చక్రం విప్పాల్సిందే. మూడోసారి పి.గన్నవరం అక్విడక్టు (కాలువని నది దాటించే వంతెన) దాటగానే కూర్చుండిపోయింది. ఎండలో బండి తోసుకుంటూ పోతుంటే ఒక డాక్టరుగారు కారు ఆపి పలకరించి మరీ వెళ్లారు. ఆ వారం ఆయన దగ్గరికి విజిట్‌కి వెళ్లడానికి మొహం చెల్లలేదు.

ఆ రాత్రే నిశ్చయించుకున్నాను, ఈసారి గట్టి టైర్లు వేయించాలని. లడఖ్ వీడియోల్లో కనిపిస్తాయి చూడండి, బొడిపెలు బొడిపెలుగా, ట్రాక్టరు టైరుకి తమ్ముడిలా ఉండేవి. వెనక్కి కొంచెం వెడల్పుది కూడా వేయిద్దామనుకున్నాను, చూడ్డానికి బాగుంటుందని.

ఫోన్లు మొదలుపెట్టాను. కాకినాడ, రాజమండ్రి, భీమవరం. "హిమాలయన్‌కి టైరు ఉందా" అంటే అందరూ ఉందనేవాళ్లే. సైజు చెప్పమంటే సగం మంది 140/80 అన్నారు. అది 2023 నవంబరులో వచ్చిన కొత్త 450ది. మన 411కి ముందు 90/90-21, వెనక 120/90-17. ముందు సైజు రెంటికీ ఒకటే, తేడా అంతా వెనకే. రిమ్ము వెడల్పు వేరు, ఆ టైరు దీనికి కుదరదు. అందుకని పాత హిమాలయన్ ఉన్నవాళ్లు ఫోన్లో బండి పేరు చెప్పకండి, టైరు మీది అంకెలు చూసి చదవండి.

ఆన్‌లైన్ మాట ఎత్తొద్దు. 2023లో మొదటి జత అరిగాక అక్కడే తెప్పించాను. టైరుని తాడేసి నొక్కి కట్టి పంపారు, అంచు ఒకచోట వంకర తిరిగింది. తయారీ తేదీ అప్పుడు చూసుకోలేదు, బిగించిన నెలకి చూశాను. డీఓటీ అని అచ్చు ఉంటుంది, దాని చివర నాలుగంకెలు. నా టైరు మీద 0820 అని ఉంది. అంటే 2020లో ఎనిమిదో వారం. మూడేళ్లు ఏ గోడౌన్లో పడి ఉందో. వెనక్కి తీసుకోమంటే బిగించేశారు కదా అన్నారు.

రావులపాలెం కొట్టు సంగతి మా చెల్లెలి మావగారు చెప్పారు. హైవే పక్కనే, అరటి గెలల లారీలు ఆగే వైపు. బోర్డు మీద పేరు సగం చెరిగిపోయింది, మిగిలిన సగాన్ని ట్రాక్టరు టైరు కప్పేసింది. కొట్టాయన్ని అందరూ బాబాయ్ గారనే పిలుస్తున్నారు, నేనూ అలాగే పిలిచాను. అరవై దాటి ఉంటాయి. పక్కన ఒక కుర్రాడు, మేనల్లుడట.

వెళ్తూనే నాకు కావాల్సిన బొడిపెల టైరు ఫొటో ఫోన్లో చూపించాను. ఆయన ఫోను వైపు చూడలేదు. బండి వెనక గొంతుక్కూర్చుని టైరు మీద అరచెయ్యి అడ్డంగా పెట్టి, ఈ అంచు నుంచి ఆ అంచుకి నిమిరాడు.

"తిన్నగా పోతారు, వంపుల్లో వంచరు. వెనకాల మనిషి ఉంటారు. గాలి చూసుకోరు. ఔనాండి?"

"ఆయ్" అన్నాను. ఇంకేమంటాను!

నన్నూ చెయ్యి పెట్టి చూడమన్నాడు. మధ్యలో రెండు వేళ్ల మేర పీటలా చదునైపోయింది, ఆ చదును ఆగిన చోట చిన్న మెట్టులా తగులుతోంది. అంచుల్లో కొత్త టైరు మీది సన్న వెంట్రుకల్లాంటి రబ్బరు ముక్కలు ఇంకా అక్కడక్కడ ఉన్నాయి. డెల్టాలో వంపులెక్కడివి? కాలువ ఎటుపోతే రోడ్డు అటు, పైగా తిన్నగా. హైవే ఎక్కినా అంతే. ఆ మెట్టు వల్లే బండి వంచినప్పుడల్లా ఎవరో పక్కకి లాగినట్టుంటుందని చెప్పాడు. నేను ఏడాదిగా హ్యాండిల్ బేరింగు పోయిందనుకుంటున్నాను.

తర్వాత పంచర్ల సంగతి చెప్పాను. ఇక్కడే ఈ కొట్టు మీద నాకు నమ్మకం కుదిరింది. వేరే ఎవరైనా అయితే "టైరు పల్చబడిందండి, మార్చేయండి" అని వదిలేసేవారు. ఈయన చక్రం విప్పించి, ట్యూబు బయటికి లాగి గాలి కొట్టి, తొట్టిలో ముంచి తిప్పాడు. ప్యాచ్‌లు మూడూ చూపించి, "ఇవెటువైపున్నాయి చూడండి" అన్నాడు. మూడూ ట్యూబు లోపలి వైపు, రిమ్ముని ఆనుకునే వైపు ఉన్నాయి.

"ముల్లయినా మేకయినా రోడ్డు వైపు నుంచి గుచ్చుకోవాలి కదండీ. ఇది ఇంటిదొంగ."

రిమ్ములో స్పోకుల తలలు పైకి కనపడకుండా చుట్టూ రబ్బరు పట్టీ ఒకటి ఉంటుంది. నాది ఎండి, ఒకచోట చిరిగి పక్కకి తప్పుకుంది. దాని కింద నాలుగైదు స్పోకుల తలలు తుప్పుపట్టి గరుకుగా తేలాయి. సముద్రపు గాలి, పంటు మీద ఉప్పునీటి తుంపర, చెరువుల రోడ్ల నీళ్లు, తుప్పు పట్టక ఏమవుతుంది? అది తగిలిన చోటల్లా ట్యూబు ఒరుసుకుపోయింది. తుపాను మేకుల్ని పదిహేను రోజులు తిట్టుకున్నాను, పాపం వాటి తప్పేం లేదు. ముందు మూడుసార్లు పంచరు వేసిన ముగ్గురిలో ఒక్కరు కూడా రిమ్ములోకి తొంగిచూడలేదు.

కుర్రాడు ఆ తలల్ని ఆకురాయితో నున్నగా రాసి, గుడ్డతో తుడిచి, కొత్త పట్టీ వేశాడు. పట్టీ ఖరీదు వంద కూడా లేదు.

ఇక టైరు. నా బొడిపెల కోరిక మళ్లీ బయటపెట్టాను. "ఎక్కడ తిరుగుతారండి?" అని అడిగాడు. నా వారం మొత్తం చెప్పాను. ఆయన మాటల్లోనే రాస్తాను.

"బొడిపెలు ఇసకలోకి, రాళ్లలోకి బాగుంటాయండి. మన దగ్గర రాళ్లెక్కడివి? ఒండ్రు మట్టి. ఆ జిగటకి గళ్లు నిండిపోతే ఏ టైరైనా బోడిగుండేనండి. రొయ్యల బండి నీళ్లు కార్చుకుంటూ పోయిన తారు రోడ్డు ఉందనుకోండి, దాని మీద నేలని పట్టేది రబ్బరు, బొడిపెల మధ్య ఖాళీ కాదు."

దీనికి నా దగ్గర జవాబు లేదు. మా రోడ్ల మీద నేను జారినవి రెండే సార్లు. ఒకటి దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీద. రెండోది పంటు ఎక్కేటప్పుడు తడి ఇనుప రేకు మీద. రెండు చోట్లా బొడిపెలు నన్ను నిలబెట్టేవి కావు.

వెడల్పు సంగతి కూడా తేల్చేశాడు. 130/80-17 వేయమన్నాను. చాక్‌పీసు తీసుకుని నేల మీద లెక్క వేశాడు. 120/90 అంటే వెడల్పు 120 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 90 శాతం, 108. 130/80 అయితే ఎత్తు 104. వెడల్పు పెరుగుతుంది, ఎత్తు నాలుగు మిల్లీమీటర్లు తగ్గుతుంది, పైన కింద కలిపితే ఎనిమిది. "గట్టు దిగేటప్పుడు ఇంజను కింద ఆ కాస్త ఎత్తూ తగ్గిపోతుంది. ఆ రిమ్ము మీద వెడల్పు టైరు నొక్కుకుపోయి కూర్చుంటుంది. దేనికండీ?" అన్నాడు. చూడ్డానికి బాగుంటుందని చెప్పడానికి సిగ్గేసింది.

చివరికి వేయించినవి ఏంటంటే, బండితో పాటు కంపెనీ నుంచి వచ్చినవే: సియట్ గ్రిప్ ఎక్స్ఎల్, రెండూ. ఊళ్లన్నీ తిరిగి ఇంటికే వచ్చినట్టు. వెనక టైరు మీద 64ఎస్ అని ఉంటుంది. 64 అంటే 280 కిలోల బరువు మోస్తుంది, ఎస్ అంటే గంటకి 180 కిలోమీటర్ల వేగం వరకు. ముందుది 54, అంటే 212 కిలోలు. బండి 199 కిలోలు, మేమిద్దరం, పెట్టెలు, తిరుగు ప్రయాణంలో మా ఆవిడ కొనే ఊరగాయ జాడీలు, అన్నీ కలిపినా దానికి బరువు కాదు. తారీఖు నేను అడక్కముందే ఆయనే టార్చి కొట్టి చూపించాడు: 3225. 2025 ఆగస్టు. మూడు నెలల టైరు.

బిగించడం దగ్గరుండి చూశాను. యంత్రం లేదు, లివర్లే. అంచుకి సబ్బునీళ్లు రాసి, కొత్త ట్యూబులో కాస్త గాలి పట్టించి లోపల పెట్టాడు, లివరు కింద నలగకుండా. టైరు మీద పసుపు చుక్కని వాల్వు పక్కకి తెచ్చాడు. టైరులో తేలిక వైపది, వాల్వు బరువు అక్కడ సరిపోతుందట. బాణం గుర్తు ముందుకి తిరిగేలా చూసుకున్నాడు. గాలి ఎక్కువ పట్టి అంచు టప్‌మని కూర్చున్నాక, రిమ్ము చుట్టూ ఉండే సన్నగీత అంతటా ఒకే దూరంలో ఉందో లేదో వేలితో కొలిచాడు. ఒకచోట లోపలికి పోయిందని గాలి మొత్తం తీసేసి మళ్లీ మొదట్నుంచీ చేయించాడు. కుర్రాడు విసుక్కున్నాడు. "ఒరే, ఆయన వెనకాల ఆడమనిషి కూర్చుంటుందిరా" అన్నాడు.

రెండు టైర్లు, రెండు ట్యూబులు, పట్టీలు, కూలీ, మొత్తం 7,200 అయింది. టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది కదా, సరుకు మీద పాత ధర అంటించి ఉన్నా బిల్లు కొత్త రేటుకే వేశాడు. బేరం ఆడలేదు, ఆడబుద్ధి కాలేదు.

బాగోలేనివీ చెప్పాలి. బ్యాలెన్సింగ్ మిషను లేదు. చక్రాన్ని ఇరుసు మీద వదిలి, బరువు వైపు కిందికి దిగుతుందేమో చూసి స్పోకుకి సీసం ముక్క బిగించాడు. నాకు గంటకి తొంభై దాకా ఊపు తెలియలేదు, ఆపైన నేను పోను. కూర్చోడానికి చోటు లేదు, రెండు లారీ టైర్ల మీద కూర్చుంటే ప్యాంటు నల్లబడింది. మర్నాడు డాక్టర్ల దగ్గరికి వెళ్లాల్సినవాడికి అది చిన్న విషయం కాదు. ఒంటిగంటకి భోజనానికి వెళ్లిపోతారు, మూడున్నర దాకా రారు. చక్రం సగం విప్పాక ఒంటిగంటయితే ఇక అంతే, ఎదురుగా టీకొట్టే గతి. నాకు సరిగ్గా అదే జరిగింది. ఫోన్ చేస్తే తియ్యరు. ఉన్నదీ లేనిదీ తెలియాలంటే వెళ్లాల్సిందే. హిమాలయన్ సైజులు ఆయన దగ్గర ఎప్పుడూ ఉండవు. నేను ముందు రోజు వెళ్లి సైజు చెప్పొస్తే మర్నాటికి తెప్పించాడు.

మొదటి 150 కిలోమీటర్లు మెల్లగా పొమ్మన్నాడు, కొత్త రబ్బరు మీద నునుపు పోయేదాకా. తిరిగి వస్తుంటే కొత్తపేట దగ్గర జల్లు మొదలైంది. ముసలాయన సైకిలు నన్ను దాటి వెళ్లిపోయింది.

అప్పట్నుంచి నాలుగు వేల కిలోమీటర్లు తిరిగాను. పంచరు ఒక్కటి లేదు. సంక్రాంతి సెలవులకి మారేడుమిల్లి వెళ్లాం. తెల్లవారుజామున ఘాట్‌లో మంచు, ఆకులు పడి తడిసిన మలుపులు. బండి వంచితే మునుపటిలా పక్కకి లాగలేదు, మెత్తగా వాలి మెత్తగా లేచింది. బొంగులో చికెన్ తిని మధ్యాహ్నం కిందికి దిగాక చూస్తే అంచుల్లోని ఆ వెంట్రుకల రబ్బరు చాలామటుకు అరిగిపోయింది. ఆదివారం పొద్దున్నే గాలి చూసుకుంటున్నాను, గేజి ఒకటి కొన్నాను. పంటు మీద మాత్రం ఇప్పటికీ దిగి తోసుకునే ఎక్కుతున్నాను, ఆ ఇనుప రేకుని నమ్మను.

కావాల్సినవాళ్లు పొద్దున్న తొమ్మిదికల్లా వెళ్లండి. పాత ట్యూబు పారేయకుండా పట్టుకెళ్లండి, ముందు అదే అడుగుతాడు.